నువ్వు అనే మనిషి లేని దొరసాని

సిగ్గనిపించడం లేదూ మీకు? ఎన్ని చలికాలాల నుంచి ఈ పొయ్యి చుట్టూ చేరి పరుపుల్లోకి బాతు ఈకలు ఒలుస్తున్నారు! ఒలిచినంతసేపూ "అవ్వా, ఆ కథ చెప్పు, ఈ కథ చెప్పు" అని ప్రాణం తోడేస్తారు. గుంటర్ దొర గుర్రం మొండికేసి ఊరిపెద్దను ఏట్లో పడేసిన సంగతి అడిగారు. కోట వంటింట్లోంచి పంది తప్పించుకుని నాట్యమందిరంలోకి దూరిన సంగతి మూడుసార్లు చెప్పించుకున్నారు. ఆ గుంటర్ దొర పక్కన ముప్పై ఏళ్ళు కూర్చున్న మనిషి గురించి ఒక్కరంటే ఒక్కరు అడిగారా? ఊరి కచేరీ మెట్ల దగ్గర ఆవిడ బొమ్మ వేలాడుతోంది. ఈగలు వాలి వాలి ముక్కు మీద మచ్చ పడింది. దాని కిందే తడిసిన కోట్లు తగిలిస్తారు, ఎవరిదమ్మా ఈ మొహం అని తలెత్తి చూడరు. ఈకలు ఒలవడం ఆపకండి. చేతులు అక్కడ, చెవులు ఇక్కడ.

ఆవిడ పేరు ఉల్రీకె. మన హాసెల్‌బ్రుఖ్‌కి వచ్చి దొరసాని అయింది గానీ, పుట్టింది గొప్ప ఇంట్లో కాదు. తండ్రి పేరుకే ప్రభువు. వాన పడితే కోట కప్పు కారేది. కారినచోటల్లా బక్కెట్లు పెట్టుకుని, ఆ బక్కెట్ల మధ్యనే భోజనం చేసే ప్రభువు అన్నమాట. ఐదుగురు ఆడపిల్లలు, మంచి గౌన్లు రెండే. ఏ ఆదివారం ఎవరికి చలిజ్వరం రాకపోతే వాళ్ళు చర్చికి వెళ్ళేవారు.

ఇంట్లో ఆమెను రీకె అనేవాళ్ళు. ఐదుగురూ ఒకే మంచం మీద పడుకునేవారు. "జరగవే", "నీ కాళ్ళు కప్పల్లా ఉన్నాయే", "నా రిబ్బను తీసింది నువ్వే, నాకు తెలుసు" అని తెల్లవార్లూ గోల. నువ్వు, నీ, నిన్ను. చేపకి నీళ్ళెంతో రీకెకి ఆ మాట అంత. నీళ్ళలో ఉన్నంతకాలం నీళ్ళున్నాయని చేపకి తెలీదు.

పదిహేడో ఏట సంబంధం వచ్చింది. గుంటర్ దొరకి అప్పటికి ముప్పై నాలుగు. పెద్దింటి పిల్లలు ముగ్గురు ఆయన్ని చూసి వద్దన్నారు. నాలుగో చోటికి వచ్చేసరికి ఆయనకి విసుగొచ్చి, బక్కెట్ల ఇల్లయినా ఫరవాలేదన్నాడు. పెళ్ళయింది. బండెక్కే రోజు వాకిట్లో అందరూ నిలబడ్డారు. ఆఖరి చెల్లెలు లీనె, ఎనిమిదేళ్ళ పిల్ల, పరిగెత్తుకొచ్చి అక్క నడుం పట్టుకుంది.

"రీకె, నువ్వు మళ్ళీ ఎప్పుడొస్తావే?"

తల్లి ఆ పిల్ల జబ్బ మీద గట్టిగా గిల్లింది. "నువ్వేమిటి! తమరు అనాలి. ఆవిడిప్పుడు దొరసానమ్మగారు." ఆ తర్వాత తల్లే గౌను అంచు పట్టుకుని, మోకాళ్ళు వంచి, కన్నకూతురికి దణ్ణం పెట్టింది. "తమరి ప్రయాణం సుఖంగా సాగాలి."

రీకె నవ్వింది, తమాషా అనుకుని. తల్లి నవ్వలేదు. బండి మలుపు తిరిగేదాకా తల్లి అలా వంగే ఉంది. అమ్మ లేస్తే చెయ్యి ఊపుదామని రీకె బండి కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి ఉంచింది. ఎవరూ తిరిగి ఊపలేదు.

మన కోటలో పద్ధతులు మీకు చెప్పక్కర్లేదు. మీ ముత్తాతలు వాటికింద నలిగినవాళ్ళే. మొగుడు ఆవిణ్ణి "మీరు" అనేవాడు, అదీ ఫ్రెంచి మాటల్లో. పగలు పన్నెండింటికి ఒకసారి వచ్చి "మీకు నిద్ర బాగా పట్టిందా" అని అడిగి, జవాబు వినకుండా వేటకి వెళ్ళిపోయేవాడు. పెద్ద పరిచారిక ఎల్లర్‌బెక్ గారు, నిటారు మనిషి, చీపురుకట్టకి లేసు చుట్టినట్టుండేది. ఆవిడ "తమరు" అనేది. పనిమనుషులతో అయితే ఎదురుగా నిలబెట్టి, మొహం మీదే, "ఆమె ఇప్పుడు కిటికీ మూస్తుంది" అనేది. ఆ "ఆమె" వెళ్ళి మూసేది. పైవాళ్ళకి తమరు, కిందివాళ్ళకి ఆమె, అతను. మనిషి మనిషితో మాట్లాడే మాట మధ్యలో ఒకటుంటుందే, అది ఆ కోటలో దీపం పెట్టి వెతికినా దొరకదు.

ఒక్క దేవుణ్ణే అందరూ నువ్వు అనేవారు. అందుకని దొరసాని ప్రార్థన పొడుగ్గా చేసేది. ఎంత భక్తో అని ఫాదిరీ పొంగిపోయాడు. భక్తీ లేదు, పాడూ లేదు. ఆ మాట నోట్లో తిప్పుకోవడానికి చేసేది. అయితే ఏం లాభం? ఆవిడ అనడమే గానీ, ఆయన తిరిగి అనడు కదా.

పుట్టింటికి ఉత్తరం రాసింది: "అమ్మా, ఉత్తరంలోనైనా నన్ను నువ్వు అను. ఎవరూ చూడరు." జవాబొచ్చింది. "తమరి ఆరోగ్యం కుశలమని తలుస్తాను." అంతే. ఉత్తరం పెద్ద పరిచారిక విప్పి చదివాకే దొరసాని చేతికి వస్తుందని ఆ తల్లికి తెలుసు మరి.

జూన్ నెలలో ఒకరోజు. కోటంతా పదింటికి లేచేది. రీకెకి పుట్టింటి అలవాటు, కోడి కంటే ముందు లేచేది. ఇంటినుంచి తెచ్చుకున్న బూడిదరంగు పాత గౌను ఒకటుండేది. దాన్ని పారెయ్యమని ఎల్లర్‌బెక్ గారు చెప్పినా పరుపు కింద దాచుకుంది. అది తొడుక్కుని, తోట తలుపు తీసుకుని, ఏటి ఒడ్డుకి నడిచింది. అక్కడ గడ్డి మీద కోట దుప్పట్లన్నీ పరిచి ఉన్నాయి, ఎండకీ మంచుకీ తెల్లబడి చలవయ్యేందుకు. ఒక్కత్తే మనిషి. చేతులు మోచేతుల దాకా ఎర్రగా ఉన్నాయి, తలకి గుడ్డ కట్టింది. బాతుల మీద అరుస్తోంది.

ఆ మనిషే ప్లోని. అసలు పేరు ఆపొలోనియా. ఆ పేరు బాప్తిస్మం రోజు తప్ప ఇంకెవరూ వాడలేదు. ఇరవై రెండేళ్ళకే మొగుడు పోయి, కోట చలవ పని చూసుకునేది.

"ఏయ్ పిల్లా! గుడ్లప్పగించి ఏం చూస్తున్నావే? ఆ కొస పట్టుకో!"

రీకె వెనక్కి తిరిగి చూసింది. వెనక ఎవరూ లేరు.

"నిన్నే! నీకు తప్ప ఆ బాతులకి చేతులున్నాయా ఏమిటి?"

పట్టుకుంది. ఇద్దరు మనుషుల దుప్పటి అది. అటొకరూ ఇటొకరూ పట్టుకుని లాగి, దులిపి, ఎదురెదురుగా నడిచి కొసలు కలపాలి.

"గట్టిగా లాగవే. కొస వదలకు, జారిపోతుంది. వదిలావో, మళ్ళీ ఉతికేది నువ్వే."

రీకె వదల్లేదు. మడిచేటప్పుడు మాత్రం అంచు కుట్టు లోపలికి పెట్టింది.

"ఇదెక్కడి మడతే? కుట్టు బయటికి రావాలి."

"మా ఇంట్లో లోపలికే మడుస్తాం."

"ఎందుకట?"

"మా దుప్పట్లకి మాసికలుంటాయి. అవి కనపడకూడదని."

ప్లోని పగలబడి నవ్వింది. "కోట దుప్పట్లకి మాసికలా! ఓసి నీ తెలివి తెల్లారా. ఎవరి పిల్లవే నువ్వు?"

"కొత్త దొరసానితో వచ్చాను," అంది రీకె. అబద్ధం కాదుగా. ఆవిడతోనే వచ్చింది.

"పేరు?"

"రీకె."

"కూర్చో రీకె. రొట్టె తింటావా? ఎండురొట్టే, మొహం చిట్లించకు. మీ దొరసాని తినే కేకుల్లాంటిది కాదు."

ఆ రై రొట్టె, దాని మీద రేగుపండంత ప్లమ్ పచ్చడి. అది తింటూ రీకె ఏడ్చింది. ప్లోని భుజంతో పొడిచి, "పచ్చడి పుల్లగా ఉంటే చెప్పొచ్చుగా, ఏడవడమెందుకు?" అంది.

ఆ వేసవంతా అదే. పొద్దున్నే రెండు గంటలు రీకెగా ఉండేది. ఎల్లర్‌బెక్ గారు నిద్ర లేచేలోపు మళ్ళీ మంచంలో చేరి దొరసాని అయ్యేది. బట్టలు నానేసే బూడిదనీళ్ళకి వేళ్ళు పగిలాయి. ఒకరోజు గోరు పక్కన చీలితే ప్లోని తన తలగుడ్డ కొస చింపి కట్టు కట్టింది.

"మీ దొరసాని ఎలాంటిదే?" అని అడిగేది ప్లోని.

"ఊరికే ఏడుస్తుంది."

"దొరసానులకి కూడా ఏడుపొస్తుందా? పట్టు రుమాల్లోకా? ఆ రుమాళ్ళు ఉతికేది నేనేగా. పోనీలే, మొగుడు ఆ కొంగకాళ్ళ దొర అయితే ఎవరికి మాత్రం ఏడుపు రాదు!"

రీకె గడ్డి మీద పడి దొర్లి దొర్లి నవ్వింది. ఆ రోజు పన్నెండింటికి కొంగకాళ్ళ దొర వచ్చి "మీకు నిద్ర బాగా పట్టిందా" అంటే, ఆవిడ పెదవి కొరుక్కుని కిటికీ వైపు తిరిగింది. ఆయన కాళ్ళకేసి చూడకుండా ఉండటానికి.

ఇలా ఎన్నాళ్ళు సాగుతుంది? సాగదని రీకెకీ తెలుసు. అక్టోబర్‌లో ఊరి చర్చి జాతర వస్తోంది. జాతర రోజు దొరసాని సంతలో నిలబడి, ఊరి ఆడవాళ్ళ చేతుల్లో తెల్లరొట్టె పెట్టాలి. పెట్టేటప్పుడు చేతికి తొడుగు ఉండకూడదు. తొడుగు వేసుకుని ఇచ్చిన రొట్టె కుక్కకి వేసినట్టు అని మనవాళ్ళ పట్టింపు. ఎన్నో రోజుల ముందునుంచే ఆవిడ ప్లోనిని బతిమాలింది.

"జాతరకి వెళ్ళకు ప్లోని. ఆ రొట్టె పాచిదట. మా వంటవాళ్ళు అనుకుంటుంటే విన్నాను."

"పాచిదైనా గోధుమ రొట్టేనే పిచ్చిదానా! ఏడాదికి ఒక్కసారి. నువ్వూ రా, ఇద్దరం వరసలో నిలబడదాం."

వచ్చింది ప్లోని, ఉతికిన గౌను తొడుక్కుని. వేదిక మీద దొరసాని నిలబడి ఉంది. నెత్తి మీద మూరెడు ఎత్తు పెట్టుడు జుట్టు, మొహానికి సున్నం కొట్టినట్టు పూత, బుగ్గ మీద నల్ల పట్టు చుక్క. కన్నతల్లి వచ్చినా పోల్చుకోలేదు ఆ వేషంలో. ప్లోనీ పోల్చుకోలేదు. తలొంచుకుని చేతులు చాచింది. రొట్టె చేతిలో పడింది. రొట్టె ఇచ్చిన వేళ్ళు కనపడ్డాయి. ఎంత పూత రాసినా బూడిదనీళ్ళ పగుళ్ళు దాగుతాయా? గోరు పక్కన తను కట్టు కట్టిన చీలిక ఇంకా మానలేదు.

ప్లోని తలెత్తింది. దొరసాని కళ్ళు "అనకు, అనకు" అంటున్నాయి.

ప్లోని మోకాళ్ళ మీద పడిపోయింది. రొట్టె బురదలో పడింది. "తమరు... దొరసానమ్మగారు... తమరి పాదాలకి..."

"ఆమె పక్కకి జరుగుతుంది," అంది ఎల్లర్‌బెక్ గారు, వెనకనుంచి. వరస కదిలింది. ఇంకా నూట పదిమంది ఉన్నారు. దొరసాని అందరికీ రొట్టె ఇచ్చింది.

మర్నాడు పొద్దున్న పాత గౌను తొడుక్కుని ఏటి ఒడ్డుకి పరిగెత్తింది. ప్లోని దూరం నుంచే చూసి గడ్డి మీద మోకరిల్లింది.

"లే ప్లోని. నేనే, రీకెనే."

"తమరు నన్ను కాపాడాలి. దొరగారి కాళ్ళ గురించి నేనన్న మాట... నాకు ముసలి తల్లి ఉందమ్మగారూ."

"ఎవరికీ చెప్పను. కొంగకాళ్ళే ఆయనవి! దుప్పటి పట్టుకో, మడుద్దాం."

"తమరు దుప్పటి ముట్టుకోవడమా! కళ్ళు పోతాయి నాకు."

చాలాసేపు బతిమాలింది. లాభం లేకపోయింది. అప్పుడు ఆ పిల్లకి కోపమొచ్చింది. పదిహేడేళ్ళకి వచ్చే కోపం. నిటారుగా నిలబడి, ఎల్లర్‌బెక్ గారి గొంతుతో, "నేను ఆజ్ఞాపిస్తున్నాను. నన్ను నువ్వు అను," అంది.

ప్లోని లేచింది. చేతులు కట్టుకుంది. నేలకేసి చూస్తూ, "చిత్తం, దొరసానమ్మగారు," అంది. ఆ తర్వాత, "నువ్వు," అంది.

అది విన్నాక రీకెకి అర్థమైంది. ఆ మాట అడిగి పుచ్చుకునేది కాదు, ఆజ్ఞ వేసి రాబట్టేది అసలే కాదు. ఉప్పులేని గంజి నయం దానికంటే. "సరే, ఇంక అనక్కర్లేదు," అని వెనక్కి తిరిగింది. ఆ గౌను తనే వంటింటి పొయ్యిలో పెట్టింది. మళ్ళీ ఏటి ఒడ్డుకి రాలేదు.

పిల్లలు పుట్టారు. కొడుకుని మూడో నెలలోనే దాదికీ, ఐదో ఏట గురువులకీ అప్పగించారు. ఏడేళ్ళప్పుడు వాడు కత్తి కట్టుకుని వచ్చి, తల్లి చేతి మీద ముద్దు పెట్టి, "మీ ఆరోగ్యం ఎలా ఉంది, మేడమ్?" అన్నాడు. ఆవిడ వాణ్ణి ఒళ్ళోకి లాక్కోబోయింది. వాడు సాయం కోసం గురువు వైపు చూశాడు. కూతురు పదహారో ఏట ఎక్కడో దూరదేశం దొరని కట్టుకుని వెళ్ళింది. బండెక్కే రోజు లోకమంతా చూస్తుండగా ఈవిడే మోకాళ్ళు వంచి, "తమరి ప్రయాణం సుఖంగా సాగాలి," అంది. కూతురు వెళ్ళింది మనకంటే పెద్ద సంస్థానానికి మరి. అప్పుడు గుర్తొచ్చిందట, తన తల్లి మలుపు తిరిగేదాకా ఎందుకు లేవలేదో. లేస్తే మొహం కనపడుతుందని.

తర్వాత ఒక గోరింకని పెంచింది. పంజరం దగ్గర కూర్చుని రోజూ గంటసేపు "నువ్వు, నువ్వు, రీకె నువ్వు" అని నేర్పేది. ఆ పిట్ట ఏడాదంతా విని విని, ఒకరోజు నోరు విప్పి, ఎల్లర్‌బెక్ గారి గొంతుతో "చిత్తం, దొరసానమ్మగారు!" అంది. దానికి చెవినిండా పడింది అదేగా పాపం. దొరసాని నవ్విందట. నవ్వి, పంజరం తలుపు తీసేసింది. అది మాత్రం పోలేదు. కోట చూరులో కాపురముండి ఐదేళ్ళు "చిత్తం, చిత్తం" అని అరిచింది. మీరు నవ్వుతారేం? నవ్వండి, నవ్వండి.

ఒక్కటి మాత్రం ఉంది. వారం వారం ఆవిడ పడకమీదికి వచ్చే దుప్పట్లు. మిగతా కోట దుప్పట్లన్నిటికీ కుట్టు బయటికి ఉండేది. దొరసాని దుప్పట్లకి మాత్రం కుట్టు లోపలికి. "ఈ చలవమనిషికి మడతపెట్టడం రాదు, తీసేస్తాను," అని ఎల్లర్‌బెక్ గారు ఎన్నోసార్లు మండిపడింది. "ఉండనివ్వండి, నాకు అలవాటైపోయింది," అనేది దొరసాని. ముప్పై ఏళ్ళు, నలభై ఏళ్ళు, ఆ మడత అలాగే వచ్చింది. ప్లోని కిందనుంచి పంపేది, రీకె పైన విప్పేది. ఇద్దరూ మాట్లాడుకోలేదు. వసారాలో ఎదురుపడితే ప్లోని గోడకి నక్కి వంగేది, దొరసాని తలాడించి వెళ్ళిపోయేది.

గుంటర్ దొర పోయాడు. ఆఖరి మాట కూడా "మీరు అలిసిపోయి ఉంటారు" అన్నాడట. చెడ్డవాడేం కాదు, అంతకంటే దగ్గరికి రావడం నేర్పినవాళ్ళు లేరు. కొడుకు గద్దెనెక్కి, పద్ధతి ప్రకారం తల్లిని ఊరిచివర విధవదొరసానుల ఇంటికి పంపాడు. పదకొండు గదులు, వాటికి ఒక్క మనిషి. ఎల్లర్‌బెక్ గారు చచ్చిపోయింది. ఆవిడ మేనకోడలు ఆ ఉద్యోగంలోకి వచ్చింది, అదే లేసు, అదే చీపురుకట్ట.

ఆవిడ ఆఖరి ఏడు, మార్చి నెలలో దొరసానికి ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. వారంరోజులు పడకమీదే. ఒంటికి పుళ్ళు పడుతున్నాయి, పక్క మార్చాలి. ఎవరు ముట్టుకున్నా మూలుగుతోంది. రోగిని లేపకుండా, కింద దుప్పటి లాగి కొత్తది పరచడం ఊళ్ళో ఒక్కత్తికే వచ్చు. ప్లోనికి కబురెళ్ళింది. అప్పటికి దానికీ అరవై దాటి, నడుం విల్లులా వంగిపోయింది.

మధ్యాహ్నం వచ్చింది. మేనకోడలు ఎల్లర్‌బెక్ అక్కడే నిలబడి, "ఆమె చేతులు కడుక్కుంటుంది," అంది. ఆమె కడుక్కుంది. ఇంతలో వాకిట్లో ఫాదిరీ బండి చప్పుడైంది. మర్యాదగా ఎదురెళ్ళి తీసుకురావాలని మేనకోడలు మెట్లు దిగింది. గదిలో ఇద్దరే మిగిలారు.

ప్లోని దుప్పటి విప్పింది. కుట్టు లోపలికి ఉంది. పనిలోకి వంగి, రోగి నడుం కింద చెయ్యి పోనిచ్చింది.

"పక్కకి ఒత్తిగిల్లవే. ఊఁ, ఇంకాస్త. నా మెడ పట్టుకో. ఏం బరువున్నావే, కోడిపిల్లంత లేవు! ఇదుగో, ఈ కొస పట్టుకో. వదలకు, జారిపోతుంది."

పని తొందరలో నోరు జారిందని తర్వాత ఎవరడిగినా చెప్పేది ప్లోని. నిజంగా జారిందో, నలభై నాలుగేళ్ళు పళ్ళ వెనక దాచి దాచి వదిలిందో, దాని దేవుడికే తెలియాలి.

దొరసాని కళ్ళు తెరవలేదు. మాట్లాడలేదు. మాట్లాడితే ఆ మాట బెదిరి ఎగిరిపోతుందని కాబోలు. కొస మాత్రం పట్టుకుంది, రెండు చేతులతో.

మెట్ల మీద అడుగులు వినపడ్డాయి. తలుపు తెరుచుకుంది. ప్లోని నడుం ఇంకా వంచి, గోడవైపు జరిగి, "తమరికి ఇప్పుడు సుఖంగా ఉందా, దొరసానమ్మగారు?" అంది.

ఫాదిరీ పుస్తకం తెరిచి ప్రార్థన మొదలుపెట్టాడు. మేనకోడలు ఎల్లర్‌బెక్ దుప్పటి సర్దబోయి, ఆ కొస ఆవిడ గుప్పిట్లోంచి రావడం లేదని చూసి, చక్కగా ఉండదని రెండుసార్లు లాగింది. రాలేదు. దీపాలు పెట్టే వేళకి ప్రాణం పోయింది. దుప్పటి కత్తిరించి, ఆ కొస గుప్పిట్లో ఉండగానే ఆవిణ్ణి శవపెట్టెలో పెట్టారు.

అప్పటికి ఉల్రీకె దొరసానికి అరవై ఒక్క ఏళ్ళు.